మా ఇంటి పిల్ల పోటీలో ఉంటే నేను రెఫరీ కుర్చీలో కూర్చోవచ్చా?

పాతబార్ (నెల్లిమర్ల వైపు) | సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. కుర్రతనంలో పదకొండేళ్లు బరువులు ఎత్తాను. ఆ తర్వాత రెఫరీ పరీక్ష రాసి పాసయ్యాను. జిల్లాలో ఎప్పుడు వెయిట్ లిఫ్టింగ్ పోటీలు జరిగినా పిలుస్తారు, సెలవు పెట్టుకుని వెళ్తాను. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం, ఒక్కోసారి శాలువా. డబ్బు కోసం ఎవరూ చేసే పని కాదిది. ఆట మీద ఇష్టంతో చేస్తాం.

వచ్చే నెల జిల్లా సెలక్షన్స్‌కి మళ్లీ ఫోన్ వచ్చింది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఈసారి మా తమ్ముడి కూతురు కూడా ఎత్తుతోంది. వెంటనే తిరిగి ఫోన్ చేసి చెప్పాను. "దానికేముంది మాస్టారూ, మీ సంగతి మాకు తెలీదా, మీరు ధర్మంగా ఉంటారు" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఎందుకంటే నేను అలా ధర్మంగా ఉన్న రోజు ఒకటుంది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

పన్నెండేళ్లు దాటింది. మా అప్ప కొడుకు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఎనిమిదో ఏట జీడిచెట్టు మీంచి పడి ఎడమ మోచెయ్యి విరిగింది. కట్టు కట్టించారు, ఎముక అతికింది, కానీ చెయ్యి పూర్తిగా చాపలేడు. కొంచెం వంపు ఉండిపోయింది. బలానికి మాత్రం లోటు లేదు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. బార్ తల మీదకి వెళ్లాక మోచేతులు పూర్తిగా చాపి ఉండాలి. ఆగిన చెయ్యిని మళ్లీ పైకి నెడితే అది ప్రెస్ అవుట్, ఎర్ర లైటు. అయితే చెయ్యి పూర్తిగా సాగని లోపం ఉన్నవాళ్లు పోటీ మొదలవకముందే రెఫరీలకి ఆ చెయ్యి చూపించాలని రూలు ఉంది. చూపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

బరువు చూసే గదిలో ఆ రోజు నేనూ ఉన్నాను. వాడి కోచ్ కొత్తవాడు, ఆ రూలు తెలీదు. నాకు తెలుసు. వాడి చెయ్యి సంగతీ తెలుసు. నోరు విప్పితే మేనల్లుడి కోసం రూల్స్ వెతుకుతున్నాడు అంటారని ఊరుకున్నాను.

క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే బార్‌ని ముందు భుజాల మీదకి, అక్కణ్ణుంచి తల మీదకి లేపే పద్ధతిలో, ఆఖరి ప్రయత్నం. 92 కిలోలు. లేపాడు. బార్ కుదురుగా నిలబడింది. మోకాళ్లు వణకలేదు. ఆ ఎడమ మోచెయ్యి సరిగ్గా నా కుర్చీ వైపు ఉంది. ఆ వంపు నాకు చిన్నప్పటినుంచి తెలిసిన వంపే. నా వెనక ఎవరో "ఆళ్ల మావేరా కూకున్నాడు" అనడం వినబడింది. ఎర్ర బొత్తం నొక్కాను.

ముగ్గురు రెఫరీల లైట్లలో రెండు ఎర్ర, ఒకటి తెల్ల. నో లిఫ్ట్, అంటే ఎత్తింది చెల్లదు. నేను తెల్ల నొక్కి ఉంటే వాడు రాష్ట్ర పోటీలకి వెళ్లేవాడు. వాడు దిగుతూ లైట్లు చూడలేదు. నా వైపు చూశాడు. తర్వాతి నెల నుంచి ప్రాక్టీస్ మానేశాడు.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. సొంత మేనల్లుడని కూడా చూడలేదు, అదీ రెఫరీ అంటే, అన్నారు. ఇప్పుడు మళ్లీ అదే కుర్చీ. ఏం చెయ్యమంటారు?

చీపురుపల్లి_రన్నర్ | సోమవారం రాత్రి 10:20

సార్, చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

నేను 200 మీటర్లు పరిగెత్తేదాన్ని. పరుగుకి గడియారం ఉంటుంది, జడ్జితో పనేముందని అనుకుంటారు. జిల్లా మీట్‌లో ఉండేవి చేతి స్టాప్‌వాచీలే. ఇద్దరు దగ్గరదగ్గరగా వస్తే ముందెవరో చెప్పేది ఫినిష్ దగ్గర నిలబడ్డ మనిషి కళ్లే. ఒకసారి అలా నిలబడ్డాయన నా పక్క లేన్ అమ్మాయి స్కూలు పీఈటీ, అంటే వాళ్ల డ్రిల్లు మాస్టారు. నాకు రెండో స్థానం ఇచ్చారు.

ఆయన మోసం చేశారని నేను అనను. ఆ అమ్మాయి నిజంగానే ముందు వచ్చి ఉండొచ్చు. నాకు తెలీదు. ఇన్నేళ్లయినా తెలీదు. ఓడిపోతే ఓడిపోయానని తెలియాలి కదా సార్. తెలిస్తే ఇంకో ఏడాది కష్టపడేదాన్ని. ఆ మనిషి అక్కడ నిలబడటం వల్ల ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియకుండా పోయింది. మీరు దయచేసి కూర్చోకండి.

వంశధార_మాస్టారు (టెక్కలి వైపు) | సోమవారం రాత్రి 10:51

పాతబార్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆవేశపడి నిర్ణయం తీసుకోకండి. నేను పీఈటీగా ఇరవై రెండేళ్ల నుంచి స్కూల్ గేమ్స్ నడుపుతున్నాను. ఉన్న సంగతి చెప్తాను.

మండల స్థాయి కబడ్డీకి రెఫరీ కావాలి, ఇద్దరు అంపైర్లు కావాలి, స్కోరర్ కావాలి, లైన్ దగ్గర ఇద్దరు సహాయకులు కావాలి. వీళ్లంతా ఎక్కడి నుంచి వస్తారు? జట్లు తీసుకొచ్చిన పీఈటీలే. నా జట్టు ఆడేటప్పుడు నేను పక్కకి జరుగుతాను, ఇంకో స్కూలు పీఈటీ విజిల్ పట్టుకుంటాడు. ఆయన జట్టు ఆడేటప్పుడు నేను పట్టుకుంటాను. పైగా ఆ ఇద్దరం సాయంత్రం ఒకే బస్సులో ఇంటికి వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక ఇంకా కష్టమైంది. విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం విడిపోయింది, పాలకొండ వైపు మా నుంచి అటు వెళ్లింది. పోటీలు పెరిగాయి, పరీక్ష పాసైన అఫీషియల్స్ మాత్రం ఉన్నవాళ్లే.

మీరు తప్పుకుంటే ఎవరు కూర్చుంటారో ఆలోచించారా? ప్రెస్ అవుట్ అంటే ఏంటో తెలియని వాడిని కూర్చోబెడతారు. అప్పుడు మీ ఇంటి పిల్లకే కాదు, అందరి పిల్లలకీ అన్యాయం జరుగుతుంది. రూలు తెలిసిన బంధువా, రూలు తెలియని పరాయివాడా అంటే నేను మొదటి మనిషినే కోరుకుంటాను.

అరసవల్లి_అమ్మ | మంగళవారం ఉదయం 6:35

పిల్లల్ని స్కూలుకి పంపి రాద్దామనుకున్నాను, ఆగలేకపోయాను.

మా పాప యోగాసన పోటీలకి వెళ్తుంది. 2020 డిసెంబరులో కేంద్రం దీన్ని క్రీడగా గుర్తించిన దగ్గర్నుంచి మా ఊళ్లో క్లాసులు పెరిగాయి, పోటీలూ పెరిగాయి. సంతోషమే. కానీ ఇందులో బార్ లేదు, గడియారం లేదు. ఆసనం ఎంత బాగా వేసిందో, ఎంతసేపు కదలకుండా నిలిచిందో జడ్జిలు చూసి మార్కులు వేస్తారు.

పోయినసారి పోటీకి నెల ముందు ఒక తల్లి నాతో అన్నారు, "ఫలానా మాస్టారి దగ్గర ఒక నెల చేర్పించండి, ఆయనే జడ్జి." ఆ మాస్టారు అలా చేర్చమని ఎవరినీ అడగలేదు. ఆయన మంచివారనే విన్నాను. అయినా హాల్లో ఉన్న తల్లులందరికీ ఆ సంగతి తెలుసు. నేను చేర్పించలేదు. మా పాపకి ఐదో స్థానం వచ్చింది. ఇంటికి వస్తూ ఆటోలో "అమ్మా, నేను ఆ సార్ దగ్గర చేరితే మెడల్ వచ్చేదా?" అని అడిగింది. పదకొండేళ్ల పిల్ల. దానికి ఏం చెప్పాలో నాకు రాలేదు.

వంశధార మాస్టారూ, మనుషులు లేరన్న మాట నిజమే. కానీ ఆ ప్రశ్న పిల్ల నోట రాకుండా ఉండాలంటే ఏదో ఒకటి చెయ్యాలి కదండీ.

ఆముదాలవలస_ఆసనం | మంగళవారం ఉదయం 8:10

అరసవల్లి అమ్మగారూ, ఆ మాస్టారు నేను కాదు, కానీ అలాంటి మాస్టారినే. క్లాసులు చెప్తాను, పోటీల్లో జడ్జిగానూ కూర్చుంటాను. పిల్లలిచ్చే ఫీజుల మీదే నా ఇల్లు నడుస్తుంది. నేను జడ్జినన్న పేరు వల్ల నాలుగు అడ్మిషన్లు ఎక్కువ వస్తాయన్నదీ నిజమే. దాన్ని దాచను.

నా పిల్లలకి ఎక్కువ మార్కులు వెయ్యాలని ఎప్పుడూ అనుకోలేదు. కానీ పశ్చిమోత్తానాసనంలో వాళ్లు ఎలా వంగాలో రోజూ చెప్పేది నేనే కాబట్టి, అలా వంగిన పిల్లే నా కంటికి బాగా కనిపిస్తుంది. ఇంకో మాస్టారి పిల్ల ఇంకో పద్ధతిలో చేస్తే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అది పక్షపాతమని అనుకోకుండానే మార్కు తగ్గుతుంది. ఇది నాకు మూడేళ్ల క్రితం ఒక పోటీ వీడియో చూసుకుంటే తెలిసింది. అప్పటినుంచి నా పిల్లలున్న వయసు విభాగంలో అసలు కూర్చోవడం లేదు. వేరే విభాగాలకి పిలిస్తే వెళ్తున్నాను.

గంటస్తంభం | మంగళవారం ఉదయం 9:30

విజయనగరం వాళ్లకి ఈ పాఠం కొత్త కాదు. 1936లో ఇంగ్లాండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ మన రాజకుటుంబానికి చెందిన విజ్జీ. ఆటకి డబ్బు ఖర్చు పెట్టారు, ఆటగాళ్లని ఆదరించారు, అది కాదనలేం. కానీ డబ్బూ పలుకుబడీ ఉన్న చేతిలోనే కెప్టెన్సీ కూడా పడింది. మూడు టెస్టుల్లో ఆయన చేసింది మొత్తం 33 పరుగులు. జట్టులో అందరికన్నా బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని టెస్టులు మొదలవకముందే ఇంటికి పంపేశారు.

ఇప్పుడు మన ఊళ్ల సంక్రాంతి టోర్నమెంట్లు చూడండి. కప్పు ఇచ్చేది ఒకరు, షామియానా వేయించేది ఆయనే, అంపైర్లకి భోజనం ఆయన ఇంట్లో, ఆయన తమ్ముడి జట్టు ఫైనల్లో. అంపైర్ మనసులో ఏముందో ఎవరికీ తెలీదు. కానీ మధ్యాహ్నం ఎవరింట్లో చేపల పులుసు తిన్నాడో ఊరంతటికీ తెలుసు. చుట్టరికం గురించే మాట్లాడుతున్నాం గానీ తిన్న ఇల్లు, ఊరు, కులం, ఒకే గురువు దగ్గర నేర్చుకున్న స్నేహం, ఇవన్నీ ఆ కుర్చీలో మనతోపాటు కూర్చుంటాయి.

కోర్టు_వరండా (శ్రీకాకుళం) | మంగళవారం మధ్యాహ్నం 1:15

లంచ్ టైంలో రాస్తున్నాను. ఇది మా వృత్తిలో రోజూ నలిగే ప్రశ్న. రెండు కేసులు చెప్తాను, రెండూ ఇక్కడ పనికొస్తాయి.

మొదటిది ఇంగ్లాండ్‌లో వందేళ్ల కిందటిది. మోటార్ సైకిల్ ప్రమాదం కేసులో ఒకాయనకి శిక్ష పడింది. మేజిస్ట్రేట్లు నిర్ణయం కోసం లోపలి గదిలోకి వెళ్లినప్పుడు వాళ్ల గుమాస్తా కూడా వెంట వెళ్లాడు. అదే ప్రమాదం మీద ఆ ముద్దాయిపై నష్టపరిహారం అడుగుతున్న ఎదుటి పక్షానికి లాయర్లుగా ఉన్నది ఆ గుమాస్తా భాగస్వామిగా ఉన్న సంస్థే. అతను గదిలో ఒక్క మాట మాట్లాడలేదని తేలింది. అయినా పైకోర్టు శిక్ష రద్దు చేసింది. న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు కళ్లకి కనిపించాలి అని అందరూ అనే మాట ఆ తీర్పులోదే.

రెండోది మనది, 1969లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన క్రైపాక్ కేసు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి జమ్మూ కాశ్మీర్ నుంచి అధికారుల్ని ఎంపిక చేసే బోర్డులో ఒక అధికారి సభ్యుడు. ఆయన స్వయంగా అభ్యర్థి కూడా. తన పేరు చర్చకి వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లిపోయారు. పద్ధతిగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ తన పోటీదారుల పేర్లు చర్చించినప్పుడు అక్కడే ఉన్నారు. కోర్టు ఆ ఎంపికను కొట్టేసింది. పక్షపాతం చూపాడా అని అడగలేదు, చూపే అవకాశం సహేతుకంగా ఉందా అని చూసింది.

పాతబార్ గారూ, "మా అమ్మాయి ఎత్తేటప్పుడు మాత్రం లేస్తాను" అని మీకు ఎవరైనా సలహా ఇస్తే తీసుకోకండి. ఆ అమ్మాయి లిఫ్ట్ ఒక్కటే కాదు, ఆమెతో పోటీ పడే ప్రతి పిల్ల లిఫ్టూ ఆమె స్థానాన్ని మారుస్తుంది. దిగితే ఆ విభాగం మొత్తానికీ దిగాలి. ఆసనం మాస్టారు చేస్తున్నది సరైన పద్ధతి.

వంశధార మాస్టారికి ఒక మాట. మనిషి అవసరం తప్పనిసరైతే, వేరే దారి అసలే లేకపోతే, చట్టం కూడా ఆ మనిషిని కూర్చోనిస్తుంది. కానీ నిజంగా లేదా, వెతకలేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

వంశధార_మాస్టారు | మంగళవారం మధ్యాహ్నం 2:40

"వెతకలేదా" అన్న మాట గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే వెతకలేదు. నోటీసు ఇచ్చే ముందు రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి ఫోన్ చేస్తాం. అదే అలవాటు.

అయినా నా అనుమానం పోలేదు. బంధువులు పక్కన పెడితే, పాత శిష్యులున్న విభాగాలు పక్కన పెడితే, ఊరివాళ్లని పక్కన పెడితే చివరికి మిగిలేది ఎవరు?

రింగ్_పక్కన | మంగళవారం సాయంత్రం 5:05

బాక్సింగ్ వాడిని. మా ఆటలో ఈ జబ్బు ముదిరి ఎంత దూరం వెళ్లిందో చెప్తాను.

1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ అనే అమెరికన్ కుర్రాడు ఆతిథ్య దేశం బాక్సర్‌ని మూడు రౌండ్లూ ఊపిరాడనివ్వలేదు. తీర్పు 3-2తో ఎదుటివాడికి వచ్చింది. ఆ గొడవ తర్వాత మనుషుల్ని నమ్మలేమని 1992 బార్సిలోనాలో మెషిన్లు పెట్టారు. ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు ఒక్క సెకనులోపు బటన్ నొక్కితేనే పాయింటు. బాగు పడిందా? 2016 రియోలో మళ్లీ అంత గొడవ జరిగింది. అక్కడ పనిచేసిన 36 మంది రెఫరీలు, జడ్జిలందరినీ పక్కన పెట్టి విచారణ చేశారు. చివరికి 2023లో ఒలింపిక్ కమిటీ ఆ అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం గుర్తింపునే తీసేసింది.

నేను దీన్నుంచి అర్థం చేసుకున్నది ఒకటే. బటన్ మారిస్తే లాభం లేదు. బటన్ దగ్గర ఎవరు కూర్చోవాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది చూడాలి. మన దగ్గర ఆ పని ఆర్గనైజర్ చేస్తాడు, ఆర్గనైజర్‌కి తన శిష్యులుంటారు. ఉన్న పదిమంది పేర్లు చీటీలు రాసి, కోచ్‌లందరి ముందూ ఆ ఉదయమే తీస్తే సగం గొడవ తగ్గుతుంది. ఖర్చు కూడా లేదు.

ఆముదాలవలస_ఆసనం | మంగళవారం సాయంత్రం 6:20

మార్కులు వేసే ఆటల్లో చీటీలతో పాటు ఇంకొకటి కావాలి. 2002 సాల్ట్ లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌లో జంటల ఫిగర్ స్కేటింగ్‌లో ఫ్రాన్స్ జడ్జి తన మీద ఒత్తిడి వచ్చిందని చెప్పడంతో, అప్పటికే రజతం అందుకున్న కెనడా జంటకి కూడా స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. 6.0 మార్కుల పాత పద్ధతి 2004లో పోయి కొత్తది వచ్చింది. జిమ్నాస్టిక్స్‌లో చూస్తే, ఆట తీరుకి వేసే మార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువా తక్కువా తీసేసి మిగతావాటి సగటు చూస్తారు. ఐదుగురుంటే ఇద్దరివి పోయి ముగ్గురివి మిగులుతాయి. మా జిల్లా పోటీలకి ముగ్గురే జడ్జిలు. రెండు తీసేస్తే ఒక్కరి మాటే మిగులుతుంది. కాబట్టి చిన్న పోటీలో లెక్కల కన్నా మనిషిని ముందే చూసుకోవడమే దారి.

చీపురుపల్లి_రన్నర్ | మంగళవారం రాత్రి 8:45

వంశధార మాస్టారూ, మిగిలేది ఎవరని అడిగారు కదా. పక్క జిల్లా వాళ్లు మిగులుతారు.

1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టు ఆడినప్పుడు అంపైర్లుగా ఇద్దరు భారతీయుల్ని పిలిచారు, వి.కె. రామస్వామి, పీలూ రిపోర్టర్. పాకిస్తాన్ తన గడ్డ మీద ఆడుతూ భారత అంపైర్లని నమ్మింది. అప్పట్లో సొంత దేశం అంపైర్లే ఉండటం మామూలు. 2002 నుంచి టెస్టుల్లో ఇద్దరినీ బయటి దేశం నుంచే వేయడం పద్ధతయింది. దేశాలే చెయ్యగా లేనిది శ్రీకాకుళం, విజయనగరం చెయ్యలేవా? మీ వాళ్లు ముగ్గురు ఇటు రండి, ఇటు వాళ్లు ముగ్గురు అటు వస్తారు. పొద్దున్నే రైలెక్కితే ఆముదాలవలసలో దిగొచ్చు.

ఇంకోటి. ఒక్క రోజు ఆట కదా, ఇంత అవసరమా అనుకునేవాళ్లుంటారు. జిల్లా దాటితేనే రాష్ట్రం, రాష్ట్రం దాటితేనే నేషనల్స్, ఆ సర్టిఫికెట్ ఉంటేనే స్పోర్ట్స్ కోటా. ఆ కోటాని ఈమధ్యే 2 శాతం నుంచి 3కి పెంచారు. మా ఊళ్లో పొలం లేని ఇళ్ల పిల్లలు ఉద్యోగం ఆశతోనే గ్రౌండ్‌కి వస్తున్నారు. ఒక్క ఎర్ర లైటు ఒక ఇంటి బతుకుని మార్చేస్తుంది.

పాతబార్ | బుధవారం రాత్రి 10:10

అందరివీ రెండేసి సార్లు చదివాను. ఈరోజు వైజాగ్ వెళ్లి వచ్చాను. మా మేనల్లుడు అక్కడ వెల్డింగ్ పని చేస్తున్నాడు. పన్నెండేళ్లలో ఈ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. టీ కొట్టు దగ్గర నిలబడి నేనే ఎత్తాను. తప్పు చేశాను, ఆ రోజు నీకు తెల్ల లైటు వెయ్యాల్సింది అన్నాను.

వాడు కాసేపు గ్లాసులోకి చూసి అన్నాడు, "మావా, ఎర్ర లైటుకి కాదు నాకు కోపం. ఆ బరువు సూసే గదిలో నా సెయ్యి గురించి ఒక్క ముక్క సెప్పలేదు సూడు, అదీ."

నేను ఇన్నాళ్లూ బొత్తం గురించే ఆలోచిస్తున్నాను. వాడు గది గురించి ఆలోచిస్తున్నాడు. రెఫరీగా కూర్చోకపోతే ఆ గదిలో నేను వాడి మావయ్యని. కోచ్‌కి రూలు చెప్పేవాడిని, వాడి చొక్కా చెయ్యి పైకి మడిచి ముగ్గురు రెఫరీలకీ ఆ మోచెయ్యి చూపించేవాడిని. అది వాడికి రూలు ఇచ్చిన హక్కు. ఆ కుర్చీ కోసం వాడి దగ్గర్నుంచి మావయ్యని లాక్కున్నాను. బంధువుకి మేలు చేస్తానేమోనని అందరూ భయపడతారు. చేటు చేస్తానేమోనని నాతో సహా ఎవరూ భయపడలేదు.

మన కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం వచ్చింది. మొదట వచ్చిన అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది రజతమైంది. ల్యాబ్‌లో తేలింది కాబట్టి తర్వాత సరిదిద్దగలిగారు. మన ఊసవానిపేట మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలెత్తితే ఆమె ముందున్న ఇద్దరివీ 242.5 కిలోలే. ఇంత సన్నటి తేడాల ఆట ఇది. మా జిల్లా పోటీలో జ్యూరీ లేదు, వీడియో లేదు. అక్కడ పడ్డ లైటు పడ్డట్టే.

ఆర్గనైజర్‌కి ఉత్తరం రాశాను. ఇదీ:

"నా తమ్ముడి కూతురు ఈ పోటీలో పాల్గొంటోంది. ఆమె బరువు విభాగానికి సంబంధించి బరువు చూడటం, లైట్లు, పేర్ల పిలుపు, బరువు మార్పులు రాసుకోవడం, వేటిలోనూ నేను ఉండను. అదే విభాగంలో మరో ఇద్దరు అమ్మాయిలు గతంలో నా దగ్గర నేర్చుకున్నారు. ఈ మూడు సంగతులూ పోటీ మొదలవకముందు కోచ్‌లందరి ముందూ చదివి వినిపించండి. మిగతా విభాగాల్లో ఎవరికీ అభ్యంతరం లేకపోతేనే కూర్చుంటాను."

ఇంకేమైనా చేర్చాలా, లాయరు గారూ?

కోర్టు_వరండా | బుధవారం రాత్రి 10:48

ఒక్కటి చేర్చండి. బెస్ట్ లిఫ్టర్ బహుమతిగానీ జట్టు పాయింట్లుగానీ ఉంటే వాటిని అన్ని విభాగాలూ కలిపి లెక్కేస్తారు. అప్పుడు మీరు వేరే విభాగంలో వేసిన లైటు కూడా మీ అమ్మాయిని తాకుతుంది. అలాంటి బహుమతులుంటే పూర్తిగా తప్పుకోండి.

పాతబార్ | బుధవారం రాత్రి 10:55

బెస్ట్ లిఫ్టర్ ఉంది. అయితే పూర్తిగా తప్పుకుంటాను. ఉత్తరం మార్చి పంపుతాను.

అరసవల్లి_అమ్మ | గురువారం ఉదయం 6:20

మీ ఉత్తరం మా పాపకి చదివి వినిపించాను. "ఇలా అన్ని పోటీల్లో చదువుతారా?" అంది. మా దగ్గరా అడుగుతానని చెప్పాను. ఆసనం మాస్టారూ, మీరు కూడా నాతో వస్తారా? ఇద్దరం వెళ్లి అడుగుదాం.

ఆముదాలవలస_ఆసనం | గురువారం ఉదయం 7:00

వస్తానమ్మా. ఏ పిల్లలు నాకు ఫీజు ఇస్తున్నారో ఆ పేర్లు కూడా కాగితం మీద రాసి తెస్తాను.

వంశధార_మాస్టారు | గురువారం రాత్రి 9:15

ఇటు వైపు నలుగురితో మాట్లాడాను. పరీక్ష పాసైనవాళ్లు ముగ్గురు మీ సెలక్షన్స్‌కి రావడానికి ఒప్పుకున్నారు. అందులో ఒకరు మహిళ. అమ్మాయిల బరువు చూసే గదిలోకి మగవాళ్లు వెళ్లకూడదు కదా, ఆ ఇబ్బంది కూడా తీరుతుంది. బస్సు చార్జీలు మీ వైపు పెట్టుకోవాలి. పాతబార్ గారూ, బదులుగా మీరు ఇటు రావాలి.

పాతబార్ | నెల తర్వాత, ఆదివారం రాత్రి 8:30

సెలక్షన్స్ అయిపోయాయి. శ్రీకాకుళం వాళ్లు ముగ్గురూ వచ్చారు. చీటీలు తీసి కుర్చీలు ఇచ్చారు. నా ఉత్తరం మైకులో చదివారు. ఒకరిద్దరు నవ్వారు. ఒక కోచ్ మాత్రం నా దగ్గరికి వచ్చి, "మా వాడికి కూడా మోచెయ్యి సాగదు సార్, ఎవరికి చూపించాలి?" అని అడిగాడు. తీసుకెళ్లి రెఫరీల ముందు నిలబెట్టాను. వాళ్లు చెయ్యి పట్టుకుని చూసి రాసుకున్నారు.

మా అమ్మాయికి రెండో స్థానం. ఆఖరి జెర్క్‌కి రెండు ఎర్ర లైట్లు పడ్డాయి. దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. "పెదనాన్నా, చెయ్యి వంగిందా?" అంది. వంగిందమ్మా, కుడి చెయ్యి, అన్నాను. తలూపి వెళ్లి నీళ్లు తాగింది. దానికి ముందు ఎత్తిన బరువుకి మూడు తెల్ల లైట్లూ వెలిగినప్పుడు లేచి చప్పట్లు కొట్టాను. రెఫరీ అయినప్పటినుంచి మా ఇంటి పిల్లలకి చప్పట్లు కొట్టడం ఇదే మొదలు.

వంశధార_మాస్టారు | ఆదివారం రాత్రి 9:05

సంతోషం మాస్టారూ. మా సెలక్షన్స్ వచ్చే నెల రెండో ఆదివారం. ఉదయం ఏడింటికి బరువు చూడటం మొదలు, కాబట్టి ముందు రోజు రాత్రే వచ్చేయండి. బస మా ఇంట్లో పెట్టడం లేదు, బస్టాండు పక్క లాడ్జిలో గది చెప్పాను. ఈసారి మా స్కూలు పిల్లలు ఐదుగురు ఎత్తుతున్నారు.